యూనిట్ ధర పెరగలేదంటున్నారు, మరి మా ఇంటి కరెంటు బిల్లు ఎందుకు పెరిగింది?

సాగర్‌రోడ్డు_గృహిణి
నల్లగొండలో సాగర్ రోడ్డు వైపు రెండు గదుల ఇంట్లో నలుగురం ఉంటున్నాం. 2024 మార్చి నుంచి, నెలకు 200 యూనిట్ల వరకు వాడే ఇళ్లకు ఉచితంగా కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం కింద మాకు జీరో బిల్లే వస్తోంది. ఈ 2025 మే నెలలో మాత్రం రీడింగ్ తీసే అబ్బాయి చేతిలో పెట్టిన కాగితం మీద 1,276 రూపాయలు ఉంది. ఏప్రిల్‌లో 188 యూనిట్లు, మేలో 216 యూనిట్లు. ఇంట్లో కొత్త వస్తువేదీ కొనలేదు, పాత కూలరే ఎండల వల్ల రాత్రంతా నడిచింది. ఇరవై ఎనిమిది యూనిట్లు ఎక్కువ వాడితే సున్నా కాస్తా 1,276 ఎలా అయింది? చార్జీలు పెంచారని వీధిలో అందరూ అంటున్నారు, పెంచలేదని వార్తల్లో చెబుతున్నారు. మాకు 1,276 అంటే నెల మొత్తం పాల ఖర్చు. మా బిల్లులో ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవారు విడమరచి చెప్పండి.

పానగల్_చెరువుకట్ట
మాకూ ఇదే పరిస్థితి. పోయిన నెల తొమ్మిది వందలు కట్టాం, ఈ నెల పద్నాలుగు వందలు దాటింది. ఎవరికీ చెప్పకుండా ధర పెంచారన్నదే నా అనుమానం.

పాలమూరు_లెక్కలసార్
అక్క ఇచ్చిన అంకెలతో లెక్క వేశాను, పైసలతో సహా సరిపోయింది. నెల వాడకం 200 యూనిట్లు దాటి 300 లోపు ఉంటే మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల చొప్పున 1,020 రూపాయలు పడుతుంది. ఆపై 16 యూనిట్లకు 7 రూపాయల 70 పైసల చొప్పున 123 రూపాయల 20 పైసలు. విద్యుత్ సుంకం యూనిట్‌కు 6 పైసలు కాబట్టి 216 యూనిట్లకు 12 రూపాయల 96 పైసలు. కస్టమర్ చార్జీ 100 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కు 10 రూపాయలు, మీది రెండు కిలోవాట్ల లోడు అనుకుంటే 20. అన్నీ కలిపితే 1,276 రూపాయల 16 పైసలు.

దీన్నిబట్టి మీ బిల్లులో కొత్త ధర ఏదీ లేదు. ఈ రేట్లన్నీ 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నవే. 2025 ఏప్రిల్ చివర, ధరలు నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలి ఇచ్చిన ఉత్తర్వులో కూడా ఇళ్ల చార్జీ పెరగలేదు. మారింది మీరు నిలబడిన మెట్టు. 200 వరకు మీ తరఫున ప్రభుత్వం కడుతోంది. 201వ యూనిట్ తిరిగిందంటే ఆ నెల మొత్తం బిల్లు మీదే అవుతుంది, దాటిన యూనిట్లకు మాత్రమే కట్టే వీలు ఆ పథకంలో లేదు.

సాగర్‌రోడ్డు_గృహిణి
అంటే పదహారు యూనిట్లు ఎక్కువ వాడినందుకు నేను 1,276 రూపాయలు కడుతున్నాను. యూనిట్ దాదాపు ఎనభై రూపాయలు పడినట్టు కదా సార్?

పాలమూరు_లెక్కలసార్
అవునమ్మా, మీ విషయంలో జరిగింది అదే.

కల్వకుర్తి_డిగ్రీ
జీరో బిల్లు లేని ఇళ్లకు కూడా ఇలాంటి మెట్టు ఉందా? జీరో బిల్లుకు కావలసిన ఆహార భద్రతా కార్డు మా నాన్న పేరు మీద లేదు కాబట్టి మేము మొదటి నుంచి పూర్తి బిల్లే కడుతున్నాం.

పాలమూరు_లెక్కలసార్
ఉంది. మన దగ్గర స్లాబులు మామూలు మెట్ల మాదిరిగా ఉండవు, ఇది తెలియకపోవడం వల్లే చాలామంది మోసపోయామనుకుంటారు. పై మెట్టు ఎక్కిన తరువాత కింది మెట్టు ధర కూడా మారిపోతుంది. 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు 1 రూపాయి 95 పైసలు, తరువాతి 50 యూనిట్లు 3 రూపాయల 10 పైసలు. వంద యూనిట్లకు మొత్తం 252 రూపాయల 50 పైసలు. 101వ యూనిట్ తిరిగిన ఇంటికి ఆ చౌక ధరలు వర్తించవు. మొదటి వందకు 3 రూపాయల 40 పైసల చొప్పున 340, మిగిలిన ఒక్క యూనిట్‌కు 4 రూపాయల 80 పైసలు, అంటే 344 రూపాయల 80 పైసలు. ఒక్క యూనిట్‌కు 92 రూపాయల తేడా వచ్చింది. అదేవిధంగా 200 యూనిట్లకు 820 రూపాయలైతే 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. ఇవి కేవలం వాడకం చార్జీలు. మెట్టు మారితే కస్టమర్ చార్జీ కూడా పెరుగుతుంది.

పదో తరగతి పిల్లలకు నేను ఈ లెక్క బోర్డు మీద వేయించాను. ఒక పాప తన ఇంటి బిల్లు తెచ్చి, 203 యూనిట్ల దగ్గర వేలు పెట్టి, మూడు యూనిట్లు ఆపగలిగితే అమ్మకు రెండు వందలు మిగిలేవి కదా సార్ అని అడిగింది.

పానగల్_చెరువుకట్ట
లెక్కలసార్ చెప్పింది ఒప్పుకుంటాను కానీ, ధర పెరగలేదు అనే మాటను ఒప్పుకోలేను. 2022లో యూనిట్‌కు 50 పైసలు పెంచింది నిజం కాదా? అంతకుముందు 1 రూపాయి 45 పైసలు ఉన్నది ఇప్పుడు 1 రూపాయి 95 పైసలు.

పాలమూరు_లెక్కలసార్
నిజమే, నేను ఈ నెల గురించి మాత్రమే అన్నాను. 2022 పెంపు గురించి ఒక మాట చెప్పాలి. 50 యూనిట్ల లోపు వాడే ఇంటికి 1.45 నుంచి 1.95 అంటే మూడో వంతుకు పైగా పెరిగినట్టు. సాగర్ రోడ్డు అక్క వాడిన 216 యూనిట్లకు వాడకం చార్జీ పాత రేట్ల ప్రకారం 1,115 రూపాయల 20 పైసలు, కొత్త రేట్ల ప్రకారం 1,143 రూపాయల 20 పైసలు, అంటే 28 రూపాయలే తేడా. మొదటి రెండు వందల యూనిట్లకు పది పైసలే పెంచడం ఇందుకు కారణం. ఆ పెంపు శాతంలో ఎక్కువగా తగిలింది ఒక ఫ్యాను, రెండు బల్బుల ఇంటికే. అప్పట్లో దాని మీద ఎక్కువమంది మాట్లాడలేదు, నాకు ఇప్పటికీ అది బాధగా ఉంది. ఆ ఇళ్లలో చాలావాటికి ఇప్పుడు జీరో బిల్లు వస్తోంది కాబట్టి ఆ దెబ్బ కనిపించడం లేదు, కార్డు లేని పేదవాళ్లు మాత్రం నేటికీ ఆ ధరే కడుతున్నారు.

మిర్యాలగూడ_పాతలైన్‌మన్
ముప్పై ఏళ్లు స్తంభాలెక్కి, తరువాత బిల్లుల వసూళ్లు చూసి ఉద్యోగ విరమణ చేసినవాడిని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా సాగర్ రోడ్డు అమ్మాయికి ఒక ప్రశ్న. మీ బిల్లు మీద పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ రెండూ ఉంటాయి. వాటి మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టారా? స్లాబులు నెలకు నిర్ణయించినవి. రీడింగ్ నాలుగైదు రోజులు ఆలస్యంగా తీస్తే ఆ రోజుల వాడకం కూడా అదే బిల్లులో పడుతుంది, రోజుకు ఆరు యూనిట్లు వాడే ఇంటికి అవి పాతిక నుంచి ముప్పై యూనిట్ల దాకా అవుతాయి. మొత్తం యూనిట్లను రోజుల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని ముప్పైతో గుణించండి. అది 200 లోపు వస్తే కార్యాలయానికి వెళ్లి అడిగే హక్కు మీకుంది.

ఇక ఇళ్ల ధరలు కొన్నిసార్లు ఏళ్ల తరబడి పెరగకపోవడానికి కారణం అర్థం కావాలంటే వెనక్కి వెళ్లాలి. 1999లో విద్యుత్ బోర్డును విడదీశారు, ధరలు నిర్ణయించే పని నియంత్రణ మండలి చేతికి వెళ్లింది. 2000లో పంపిణీ సంస్థలు ఏర్పడ్డాయి. అప్పుడు మన నల్లగొండ, మహబూబ్‌నగర్‌తో పాటు కర్నూలు, అనంతపురం కూడా ఒకే సంస్థ కింద ఉండేవి. ఆ ఏడాది చార్జీల పెంపు మీద పెద్ద ఉద్యమం నడిచింది. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ తరువాత ఇళ్ల చార్జీ ముట్టుకోవాలంటే ప్రభుత్వాలు జంకుతూ వచ్చాయి. అయితే ధర పెంచనంత మాత్రాన ఖర్చు ఆగదు, అది ఎక్కడో ఒకచోట అప్పుగానో, ప్రభుత్వ సబ్సిడీగానో పేరుకుంటుంది. ముందుగా వేసుకున్న అంచనాకూ అసలు ఖర్చుకూ మధ్య తేడాను ట్రూ-అప్ అంటారు. అలా పేరుకున్న 12,700 కోట్లకు పైగా భారాన్ని వినియోగదారుల మీద వేయకుండా తామే భరిస్తామని 2023లో అప్పటి ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ డబ్బు మన బిల్లు మీద కనిపించకపోయినా మనం కట్టే పన్నుల్లోంచే పోతుంది.

వనపర్తి_అద్దెఇల్లు
పెద్దాయన చెప్పిన రోజుల లెక్క నాకు చాలా ఉపయోగపడేలా ఉంది. మా సమస్య ఇంకొకటి. ఒకే మీటరు మీద కింద ఇంటి ఓనరు, పైన మేము ఉంటాం. మేము 120 యూనిట్లు వాడినా, వాళ్లు 120 వాడినా బిల్లు మాత్రం 240 యూనిట్లకు వస్తుంది. ఓనరు ఆ బిల్లును సగం చేసి మా దగ్గర తీసుకుంటారు. ఇందులో మాకు నష్టం ఉందా?

పాలమూరు_లెక్కలసార్
ఇద్దరికీ నష్టమే. కలిపి 240 యూనిట్లకు వాడకం చార్జీ 1,328 రూపాయలు. వేర్వేరు మీటర్ల మీద 120 చొప్పున వాడితే ఒక్కొక్కరికి 436, ఇద్దరికీ కలిపి 872. నెలకు 456 రూపాయలు కేవలం మీటరు ఒకటే అయినందుకు పోతోంది. రెండో మీటరుకు డిపాజిట్, కస్టమర్ చార్జీ అదనంగా ఉన్నా ఏడాది తిరగకముందే మిగులు మొదలవుతుంది. పైగా అర్హత ఉన్న అద్దెదారులకు కూడా గృహజ్యోతి వర్తిస్తుంది కాబట్టి, మీ పోర్షన్‌కు విడిగా సర్వీసు ఉంటే 120 యూనిట్లకు మీరు ఏమీ కట్టనవసరం రాకపోవచ్చు. ఓనరుగారికి ఈ లెక్క కాగితం మీద రాసి చూపించండి. ఆయనకు కూడా లాభమే కాబట్టి ఒప్పుకుంటారని నా నమ్మకం.

వనపర్తి_అద్దెఇల్లు
ఈ ఆదివారం మాట్లాడతాను సార్.

జడ్చర్ల_టైలరమ్మ
నేను ఇంట్లోనే కుట్టు మిషన్‌కు చిన్న మోటారు పెట్టుకుని బట్టలు కుడతాను. ఇస్త్రీ పెట్టె వల్లే నా బిల్లు పెరుగుతోందని మా అత్తమ్మ అంటుంది. మిషన్ వల్లా, ఇస్త్రీ వల్లా, లేక మధ్యాహ్నమంతా తిరిగే కూలర్ వల్లా అన్నది ఎలా తెలుస్తుంది?

మిర్యాలగూడ_పాతలైన్‌మన్
ప్రతి వస్తువు వెనక ఎన్ని వాట్లు అని రాసి ఉంటుంది. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. ఇస్త్రీ పెట్టె వెయ్యి వాట్లది అయినా వేడెక్కాక ఆగి ఆగి తీసుకుంటుంది కాబట్టి రోజుకు అరగంట వాడకానికి నెలకు పదిహేను యూనిట్లు మించదు. మిషన్ మోటారు వంద వాట్ల చుట్టుపక్కల ఉంటుంది, దాని గురించి భయపడవద్దు. 180 వాట్ల కూలర్ రోజుకు పది గంటలు నడిస్తే నెలకు 54 యూనిట్లు. పాత రకం ఫ్యాను 75 వాట్లు, ఇప్పుడొస్తున్న, తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ రకం ఫ్యాను ముప్పై వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు ఒక యూనిట్ పైనే. చలికాలంలో గీజరు రెండు వేల వాట్లు, గంట మరిచిపోతే రెండు యూనిట్ల దాకా.

మీ అత్తమ్మగారికి కూలర్ పక్కన కూర్చున్నప్పుడు ఈ లెక్క చెప్పండి, ఇస్త్రీ పెట్టె మీద నింద తొలగుతుంది.

సూర్యాపేట_బైపాస్
మా ఇంట్లో ఏ వస్తువూ నడవకపోయినా మీటరు మీద ఎర్ర దీపం మెరుస్తూనే ఉండేది. మీటరు వేగంగా తిరుగుతోందని రెండు నెలలు గొడవ పడ్డాను. తెలిసిన మెకానిక్ వచ్చి మెయిన్ స్విచ్ ఆపి చూస్తే దీపం ఆగింది. ఒక్కో లైను వేసుకుంటూ పోతే నీళ్ల మోటారు లైను వేసినప్పుడు మెరవడం మొదలైంది. మోటారు ఆపి ఉన్నా దాని కేబుల్ తడిసి కరెంటు భూమిలోకి పోతోంది. ఆ కేబుల్ మార్చాక నెలకు నలభై యూనిట్లు తగ్గాయి. మీటరు మీద 3200 అని రాసి ఉంటే ఆ దీపం 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అని అర్థం. ధర గురించి వాదించే ముందు ప్రతివాళ్లూ ఈ పరీక్ష ఒకసారి చేసుకోవాలి. అలాంటి కేబుల్ వల్ల డబ్బు పోవడం చిన్న విషయం, తడి చేతితో ముట్టుకుంటే ప్రాణమే పోయేది.

పానగల్_చెరువుకట్ట
ఫ్యానులు, ఇస్త్రీలు సరే. అసలు విషయం ఎవరూ ఎత్తడం లేదు. మన జిల్లాల్లో లక్షల బోరు మోటార్లు ఉచితంగా నడుస్తున్నాయి. ఆ ఖర్చు ఎవరి మీద పడుతోంది? ఇళ్లవాళ్ల మీదే కదా.

దేవరకొండ_బోరుబావి
ఈ మాట ప్రతి చర్చలోనూ వస్తుంది కాబట్టి నిదానంగా జవాబు రాస్తాను. నాకు మూడెకరాలుంది. మూడు బోర్లు వేస్తే రెండు ఎండిపోయాయి, మూడోదాంట్లో అయిదు హెచ్‌పీ మోటారు దింపి పైకి తెచ్చుకున్న నీళ్లతో ఎకరంన్నర తడుస్తుంది. కాలువ కింద ఉన్న రైతుకు నీళ్లు వాలు మీద వచ్చి పొలంలో పడతాయి, ఆ కాలువ ప్రభుత్వమే తవ్వించింది. మా దేవరకొండ, మునుగోడు, అచ్చంపేట, కల్వకుర్తి వైపు పైభూములకు ఏళ్ల తరబడి అలాంటి కాలువ రాలేదు, ఆ లోటుకు బదులుగా వచ్చిందే ఉచిత కరెంటు. 2004లో మొదలై, 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలు అన్నారు. దాని ఖర్చు మీ బిల్లులో వేయడం లేదు. ఎవరికైనా తక్కువ ధరకు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయిస్తే ఆ సొమ్మును ప్రభుత్వమే ముందుగా పంపిణీ సంస్థకు చెల్లించాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెబుతోంది. అసలు ఖర్చు కంటే తక్కువ ధర కడుతున్నది మేమే కాదు, వంద యూనిట్ల లోపు వాడే పట్టణపు ఇల్లు కూడా.

పానగల్_చెరువుకట్ట
మీ కష్టాన్ని నేను తక్కువ చేయలేదు. నాకూ ఊళ్లో పొలం ఉంది. అయితే బోర్లకు మీటర్లు లేనప్పుడు ఎంత కరెంటు పోయిందో ఎలా తెలుస్తుంది, ఎంత సబ్సిడీ ఇవ్వాలో ఎలా తేలుతుంది అన్నది నా సందేహం.

మిర్యాలగూడ_పాతలైన్‌మన్
ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. బోర్ల వాడకాన్ని కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర పెట్టిన నమూనా మీటర్ల ఆధారంగా అంచనా వేస్తారు. అంచనా అన్నాక తేడా ఉంటుంది. లైన్లలో పోయిన నష్టం, తీగలకు దొంగ కొక్కేలు తగిలించి వాడిన కరెంటు కూడా రైతు ఖాతాలో పడే అవకాశం ఉంది కాబట్టి ఈ అంచనా తప్పితే చెడ్డపేరు రైతుకే వస్తుంది. దేవరకొండ తమ్ముడు చెప్పిన చట్టం సరైనదే. ఆ సబ్సిడీ సకాలంలో అందకపోతే పంపిణీ సంస్థ అప్పు తెచ్చి ఉత్పత్తిదారులకు కడుతుంది, ఆ అప్పు మీద వడ్డీ పెరుగుతుంది.

ఇంకొక విషయం మన జిల్లాల వాళ్లకు తెలియాలి. తెలంగాణలో కరెంటు గిరాకీ అత్యధికంగా ఉండేది మేలో కాదు, ఎక్కువగా మార్చిలో. యాసంగి వరి పొట్టదశలో ఉన్నప్పుడు బోర్లన్నీ ఒక్కసారిగా నడుస్తాయి, పట్టణాల్లో కూలర్లు కూడా అప్పుడే మొదలవుతాయి. 2025 మార్చిలో రాష్ట్ర గిరాకీ 17 వేల మెగావాట్లు దాటింది. ఆ సమయానికి శ్రీశైలం, సాగర్, జూరాలలో నీళ్లు అడుగుకు చేరి ఉంటాయి. శ్రీశైలం ఎడమ గట్టున 900 మెగావాట్లు, సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో 800 మెగావాట్లకు పైగా ఉన్నాయని లెక్క చెప్పినా, అవి పూర్తిగా తిరిగేది కృష్ణకు వరద వచ్చే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే. చౌక కరెంటు దొరికే కాలానికీ మనకు ఎక్కువగా కావలసిన కాలానికీ పొంతన లేదు, ఆ మధ్య కాలాన్ని బొగ్గుతోనూ, బయటి నుంచి కొనుగోలుతోనూ పూడ్చాలి.

దామరచర్ల_పొద్దు
బొగ్గు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా మండలంలో వీర్లపాలెం దగ్గర ఒక్కొక్కటి 800 మెగావాట్లున్న అయిదు యూనిట్లతో, మొత్తం 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టారు. భూమి మాది, నీళ్లు మా పక్కనున్న కృష్ణవి. మరి మా జిల్లాకైనా యూనిట్ ధర కొంత తగ్గాలి కదా? ఇది ఆశపడి అడుగుతున్న మాట కాదు, న్యాయమనిపించి అడుగుతున్నాను.

మిర్యాలగూడ_పాతలైన్‌మన్
న్యాయమైన ప్రశ్నే. అయితే కేంద్రంలో తయారైన కరెంటు మీ ఊరి తీగల్లోకి నేరుగా రాదు, గ్రిడ్‌లో కలిసి రాష్ట్రమంతా పంచుకుంటుంది. ధర కూడా రాష్ట్రమంతటికీ ఒకటే. మీకు దక్కవలసినవి ఉద్యోగాలు, రోడ్లు, పరిహారం, వాటి కోసం గట్టిగా అడగండి, నేను మీ పక్కనే ఉంటాను.

ధర తగ్గకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. థర్మల్ కేంద్రం నుంచి కొనే కరెంటుకు రెండు భాగాలు ఉంటాయి. బొగ్గు ఖర్చు మనం తీసుకున్న యూనిట్లను బట్టి పడుతుంది. స్థిర వ్యయం, అంటే కట్టడానికి చేసిన అప్పు, వడ్డీ, జీతాలు, మనం కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా కట్టాలి. యాదాద్రికి శంకుస్థాపన 2015 జూన్‌లో జరిగింది, రెండో యూనిట్‌ను ప్రారంభించింది 2024 డిసెంబర్‌లో. నిర్మాణం సాగినంత కాలపు వడ్డీ కూడా కేంద్రం ఖరీదులో కలుస్తుంది. బొగ్గు గని పక్కన లేదు కాబట్టి రైలు కిరాయి అదనం. కాబట్టి కొత్త కేంద్రం వచ్చిందంటే కరెంటు కొరత తీరుతుంది, ధర మాత్రం వెంటనే తగ్గదు.

కల్వకుర్తి_డిగ్రీ
ఇది చదివాక ఒకటి అర్థమైంది. పంపిణీ సంస్థ ఖర్చులో పెద్ద భాగం కరెంటు కొనడానికే పోతుంది, అందులో సగం మన చేతుల్లో లేని పాత ఒప్పందాల స్థిర వ్యయం. మరి ధర పెంచాలని వాళ్లు అడిగినప్పుడు మనలాంటి వాళ్లు అడ్డు చెప్పే దారి ఉందా?

పాలమూరు_లెక్కలసార్
సగం అని ఖచ్చితంగా చెప్పలేం బాబూ, కేంద్రాన్ని బట్టి మారుతుంది. మిగతాది సరిగానే పట్టుకున్నావు. దారి ఉంది. పంపిణీ సంస్థలు తమ ఆదాయ అవసరాల నివేదికను, ధరల ప్రతిపాదనను మండలికి ఇవ్వాలి. మండలి దాన్ని ప్రకటించి అభ్యంతరాలు తీసుకుంటుంది, బహిరంగ విచారణ జరుపుతుంది. ఎవరైనా రాయవచ్చు, వెళ్లి మాట్లాడవచ్చు, వకీలు అవసరం లేదు. 300 యూనిట్లు దాటిన ఇళ్లకు ఫిక్స్‌డ్ చార్జీని కిలోవాట్‌కు 10 నుంచి 50 రూపాయలకు పెంచుతామని పంపిణీ సంస్థలు అడిగితే, 2024 అక్టోబర్‌లో మండలి ఒప్పుకోలేదు. కాబట్టి రాయడం వృథా అని అనుకోవద్దు. ఆ 101వ, 201వ యూనిట్ల దగ్గర ఉన్న గోడ తీసేసి, దాటిన యూనిట్లకు మాత్రమే పై ధర వేయాలని ఈసారి నేను రాయబోతున్నాను.

దేవరకొండ_బోరుబావి
నా పేరు కూడా కలపండి సార్. మా ఊరి ఇంటి బిల్లుకూ ఇదే బాధ.

పానగల్_చెరువుకట్ట
గోడ తీసేస్తే ఎక్కువ వాడేవాళ్లకు కూడా కింది చౌక ధర దొరుకుతుంది. ఏసీలు మూడున్న ఇంటికి 1 రూపాయి 95 పైసల ధర ఎందుకివ్వాలి? ఆ లోటు ఎవరు పూడుస్తారు? ఈ విషయంలో నేను సార్‌తో ఏకీభవించను. రీడింగ్ రోజులు సరిచేస్తే చాలు.

పాలమూరు_లెక్కలసార్
మీ అభ్యంతరం ఆలోచించదగ్గదే. 300 దాటిన ఇళ్లకు ఇప్పుడున్న పద్ధతే ఉంచి, 100 నుంచి 300 మధ్య ఇళ్లకు మాత్రం గోడ తీయమని రాస్తాను.

వనపర్తి_అద్దెఇల్లు
మా అన్న ఇంటి బిల్లులో ఏసీడీ అని 640 రూపాయలు ఉన్నాయి. అది కూడా పెంపేనా?

మిర్యాలగూడ_పాతలైన్‌మన్
కాదు, అది అదనపు వినియోగ డిపాజిట్. మీ సగటు బిల్లు రెండు నెలలకు ఎంతో అంత సొమ్ము డిపాజిట్‌గా ఉండాలన్నది పద్ధతి. వాడకం పెరిగితే పాత డిపాజిట్ చాలదు కాబట్టి తేడా అడుగుతారు. ఆ సొమ్ము మీదే, దాని మీద వడ్డీ ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్‌లో ఉంది. ఆ వడ్డీ బిల్లులో తగ్గించారో లేదో ఏడాదికోసారి చూసుకోండి.

జడ్చర్ల_టైలరమ్మ
డిపాజిట్ అన్నా చార్జీ అన్నా ఆ నెల చేతిలోంచి పోయేది అదే డబ్బు కదా పెద్దాయనా. వాయిదాలుగా కట్టించుకుంటే మాలాంటివాళ్లకు ఊపిరి ఆడుతుంది.

సూర్యాపేట_బైపాస్
ఇంటిపైన సోలార్ పెట్టుకోవాలని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఒక మాట. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. మన ఎండలకు కిలోవాట్‌కు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. నెలకు మూడు వందల యూనిట్లు దాటే ఇళ్లకు ఇది బాగా పనికొస్తుంది, జీరో బిల్లు వచ్చే ఇళ్లకు అవసరం లేదు.

సాగర్‌రోడ్డు_గృహిణి
పెద్దాయన అడిగిన తేదీలు చూశాను. పాత రీడింగ్ ఏప్రిల్ 4న, కొత్త రీడింగ్ మే 8న తీశారు. ముప్పై నాలుగు రోజులు. 216ను 34తో భాగించి ముప్పైతో గుణిస్తే 190 యూనిట్లు పైచిలుకు వస్తోంది. అంటే మేము నెలకు రెండు వందలు దాటనే లేదు! ఈ రోజు ఉదయం బిల్లు జిరాక్సు తీసుకుని కార్యాలయానికి వెళ్లాను. మొదట ఆ కిటికీకి వెళ్లమన్నారు, తరువాత ఈ కిటికీకి రమ్మన్నారు. చివరకు ఒక అధికారి రోజుల లెక్క చూసి, దరఖాస్తు రాసివ్వండి, పరిశీలిస్తామన్నారు.

మిర్యాలగూడ_పాతలైన్‌మన్
రాసిచ్చిన కాగితం నకలు మీద ముద్ర వేయించుకున్నారా అమ్మా? లేకపోతే రేపే వెళ్లి వేయించుకోండి. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు కూడా తీసుకోండి. వాళ్లు పట్టించుకోకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయవచ్చు, అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

సాగర్‌రోడ్డు_గృహిణి
ముద్ర వేయించుకున్నాను. పదిహేను రోజుల్లో చెబుతామన్నారు. ఈలోగా పాల లెక్క రాసుకునే క్యాలెండర్‌లోనే ప్రతి సాయంత్రం మీటరు అంకె కూడా రాస్తున్నాను. నిన్న 7 యూనిట్లు, ఈ రోజు వాన పడి కూలర్ ఆపేశాం కాబట్టి 4. కార్యాలయం నుంచి జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను.